లాంగ్‌వుడ్ షోలాలో గైడుతో ఒక రోజు: కోటగిరి పక్షుల యాత్రపై సమీక్ష

నీలగిరులలోని కోటగిరి కేంద్రంగా స్థానిక గైడ్లు నడిపే ఒక రోజు పక్షి వీక్షణ యాత్రలో ఈ శీతాకాలం మా కుటుంబం పాల్గొంది. తెల్లవారగానే లాంగ్‌వుడ్ షోలా అనే చిన్న రిజర్వు అడవిలో మొదలయ్యే ఈ యాత్ర, భోజన విరామం తరువాత దొడ్డబెట్ట శిఖరానికి వెళ్లే దారిలో సాయంత్రానికి ముగుస్తుంది. ఊటీ ప్రయాణంలో పక్షుల కోసం ఒక రోజు కేటాయించాలా వద్దా అని ఆలోచించేవారికి, కేటాయిస్తే ఏ విధంగా వెళ్లాలో తెలుసుకోదలచినవారికి ఉపయోగపడాలని ఈ సమీక్ష రాస్తున్నాను. నా అభిప్రాయం మొదటే చెప్పడం మంచిది. ఉదయం పూట షోలా నడకను పక్షులంటే ఇష్టం ఉన్న ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. మధ్యాహ్నం తరువాతి దొడ్డబెట్ట భాగం మాత్రం ఆ ఉదయం ఇచ్చిన తృప్తిని తగ్గించేలా ఉంది కనుక, నిర్వాహకులు దానిని మార్చేంతవరకు సగం రోజు యాత్రనే ఎంచుకోమని చెబుతాను.

కోటగిరి పట్టణం సముద్ర మట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, తేయాకు తోటలు, ఊళ్ల నడుమ, 116 హెక్టార్ల మేర మిగిలిన అడవి లాంగ్‌వుడ్ షోలా. ఉష్ణమండల పర్వతాల ఎత్తు ప్రదేశాలలో, గాలి తాకిడి తక్కువగా ఉండే లోయ మడతలలో, వాగుల వెంబడి పెరిగే పొట్టి సతత హరిత అడవులనే షోలాలంటారు. ఒకప్పుడు వీటి చుట్టూ విశాలమైన పచ్చిక బయళ్లు ఉండేవి. బ్రిటిష్ కాలం నుంచి తేయాకు, యూకలిప్టస్, వాటిల్ చెట్ల తోటలు ఆ బయళ్లను, చాలా చోట్ల షోలాలను కూడా ఆక్రమించాయి. నీలగిరి బయోస్ఫియర్ రిజర్వు 1986లో దేశంలోనే మొదటిదిగా ఏర్పడినా, పశ్చిమ కనుమలకు 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కినా, కోటగిరి చుట్టుపక్కల అసలైన షోలా ఇప్పుడు ముక్కలుగానే కనిపిస్తుంది. ఆ ముక్కలలో బాగా నిలిచి ఉన్నది లాంగ్‌వుడ్. చుట్టుపక్కల గ్రామాల తాగునీటికి ఆధారం ఈ అడవే కావడం వల్ల దానిని కాపాడుకోవాలన్న పట్టుదల స్థానికులలో ఉంది. ఈ నేపథ్యాన్ని గైడు అడవి అంచున నిలబెట్టి కొద్ది మాటలలో చెప్పారు. లోపల అడుగుపెట్టాక మాట్లాడే అవకాశం ఉండదని, అందువల్లనే చెప్పవలసినదంతా బయటే చెబుతున్నానని ఆయన అన్నది నాకు బాగా నచ్చింది.

ఏర్పాట్ల విషయంలో నిర్వాహకులు శ్రద్ధగా ఉన్నారు. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, ముదురు ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగు దుస్తులు వేసుకోవాలని, ఎరుపు, తెలుపు వద్దని, అత్తరు పూసుకోవద్దని, ఫోన్లు మూగపరచాలని వివరంగా చెప్పారు. బృందంలో ఆరుగురిని మించి తీసుకోరు. షోలాలో దారి ఒకరి వెనుక ఒకరు నడవగలిగినంత సన్నగా ఉంటుంది కనుక, ఆరుగురు దాటితే వెనుక ఉన్నవారికి పక్షి ఎగిరిపోయిన చప్పుడు తప్ప మరేమీ దక్కదు. రిజర్వు అడవిలోకి వెళ్లడానికి అవసరమైన అటవీ శాఖ అనుమతి బాధ్యత వారిదే. గైడు సమీపంలోని, నీలగిరుల స్థానిక సముదాయమైన బడగల గ్రామంలో పుట్టి పెరిగిన యువకుడు. తమిళం, ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు, తెలుగు కొద్దిగా అర్థమవుతుంది. మా అమ్మగారితో తమిళంలోనే నెమ్మదిగా మాట్లాడితే ఆమెకు దాదాపు అంతా తెలిసింది. పక్షుల పేర్లు మాత్రం అన్నీ ఇంగ్లీషులోనే చెబుతారు కనుక నేనూ ఇక్కడ అవే వాడుతున్నాను.

నడక పూర్తిగా వెలుతురు వచ్చిన తరువాతే మొదలయింది. పక్షుల కోసం చీకటితోనే బయలుదేరాలని పట్టుబట్టే యాత్రికులు ఉంటారని, కానీ ఈ తోటలలో, అడవి అంచులలో అడవిదున్నలు, ఎలుగుబంట్లు తెల్లవారుజామున తిరుగుతుంటాయి కనుక తాము ఆ పని చేయబోమని ముందే స్పష్టం చేశారు. ఆ నిర్ణయం సరైనదని ఆ తరువాత మాకే తెలిసింది. తేయాకు తోట దాటే మలుపులో ఒక పెద్ద మగ అడవిదున్న పొదల వెనుక నిలబడి ఉంది. గైడు చేయి అడ్డంగా పెట్టి అందరినీ ఆపి, గాలి ఎటు వీస్తున్నదో చూసి, ఫొటో కోసం ముందుకు జరగబోయిన ఒకరిని మెత్తగానే అయినా గట్టిగా వారించి, మమ్మల్ని వచ్చిన దారినే వెనక్కు నడిపించి మరో బాటలో తీసుకువెళ్లారు. దీనివల్ల కొంత సమయం పోయింది, అయినా ఆయన మొహంలో ఆదుర్దా లేదు, హడావిడి లేదు. భద్రత విషయంలో ఈ సేవకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

అడవి అంచు దగ్గరే మొదటి అరగంట గడిచింది. ఎండ మొదట తగిలే చెట్ల కొసలను చూడమని, పురుగులు అక్కడే ముందు కదులుతాయని గైడు చెప్పారు. చెప్పినట్టే కొద్ది సేపటికి ఒక మిశ్రమ గుంపు వచ్చింది. వేర్వేరు జాతుల పిట్టలు కలిసి మేత వెదుకుతూ అడవిలో సాగిపోయే ఇటువంటి గుంపులను పుస్తకాలలో చదవడం వేరు, తలపైన కొమ్మలన్నీ ఒక్కసారిగా కదలడం చూడడం వేరు. ముందుగా గ్రే హెడెడ్ కానరీ ఫ్లైక్యాచర్ చురుకైన కూత వినిపించింది. దాని వెంట తలకిందులుగా చెట్టు బోదె మీదుగా దిగుతూ, ఎర్రటి ముక్కుతో బెరడు సందులను పొడుస్తూ వెల్వెట్ ఫ్రంటెడ్ నట్‌హాచ్‌లు, తెల్లటి కంటి వలయాలతో వైట్ ఐ పిట్టలు, ఆకుల మధ్య బ్రౌన్ చీక్డ్ ఫుల్వెట్టాలు, కింద పొదలలో వంపు తిరిగిన పసుపు ముక్కు ఒక్కటే కనిపించేలా దాగి తిరిగే ఇండియన్ సిమిటార్ బాబ్లర్ వరుసగా దాటిపోయాయి. కొత్తవారికి ఇటువంటి సమయంలో ఏది చూడాలో తెలియక అన్నీ తప్పిపోతాయి. గైడు ఒక్కొక్కరికి ఒక్కొక్క పక్షిని అప్పగించారు. మా అబ్బాయికి నట్‌హాచ్, మా అమ్మగారికి ఫ్లైక్యాచర్, మిగిలినవారికి తలా ఒకటి. గుంపు దాటిపోయాక ఎవరు ఏమి చూశారో అడిగి, ఒకరు చూసినది మరొకరికి చెప్పించారు. నేను ఇంతకుముందు వెళ్లిన యాత్రలలో గైడు పేరు ప్రకటించడం, అందరూ బైనాక్యులర్లు అటు తిప్పడం, అంతలో అది ఎగిరిపోవడమే ఎక్కువగా చూశాను. ఈ పద్ధతిలో ప్రతి ఒక్కరికీ ఒక పక్షి పూర్తిగా దక్కింది.

ఈ యాత్రకు వచ్చే చాలామంది కోరుకునేది నీలగిరి షోలాకిలిని. నీలగిరి బ్లూ రాబిన్ అనే పేరుతోనూ దీనిని పిలుస్తారు. పైభాగం సీసపు నీలం, పక్కలు ఇటుక ఎరుపు, పొట్ట తెలుపు. షోలా నేల మీద, వాగుల దగ్గర, వెలుతురు అతి తక్కువగా ఉండే చోట తిరుగుతుంది. మామూలుగా నడిచే మనిషికి అది కనిపించడం కష్టం. గైడు మమ్మల్ని ఒక చిన్న వాగు మలుపు దగ్గరకు తీసుకువెళ్లి, చెట్టుకు ఆనుకుని కూర్చోమని చెప్పి, మా అమ్మగారి పక్కన తానూ కూర్చుని, చెవిలో చెప్పినట్టుగా, "అమ్మా, కుడి పక్క ఆ తడి రాయి చూడండి, దాని మీదికే వస్తుంది, చెయ్యి మాత్రం చూపించకండి" అన్నారు. చాలా సేపు ఏమీ జరగలేదు. నాచు పట్టిన బోదెల మీద నుంచి నీటి బొట్లు రాలుతున్నాయి, పైన ఎక్కడో నీలగిరి వుడ్ పిజియన్ రెక్కలు టపటపలాడించి కొమ్మ మారింది. బృందంలో ఒకరు విసుగుతో కదిలితే, గైడు ఆయన భుజం మీద చేయి వేసి అలాగే ఉంచారు. ఆ తరువాత రాయి వెనుక ఆకులు కదిలి, నీలిరంగు పిట్ట బయటకు వచ్చి, రాయి మీద నిలబడి తోక ఆడించి, నీటి అంచున రెండు ముక్కుపోట్లు పొడిచి తిరిగి నీడలోకి వెళ్లిపోయింది. అది మళ్లీ వస్తుందని ఆయన కళ్లతోనే చెప్పారు. నిజంగానే వచ్చింది, ఈసారి ఇంకా ఎక్కువసేపు ఉంది. మా అమ్మగారికి పక్షులను చూసే అలవాటు అంతగా లేదు, కానీ ఆ పిట్ట కాళ్లు ఎంత పొడుగ్గా ఉన్నాయో అందరికంటే ముందు గమనించినది ఆమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని విడిగా చెప్పాలి. చాలామంది గైడ్లు ఇటువంటి పక్షుల కోసం ఫోన్‌లో రికార్డు చేసిన కూతను వినిపిస్తారు. తన ఇలాకాలోకి మరొక పక్షి వచ్చిందనుకుని అది కోపంతో బయటకు వస్తుంది, యాత్రికులు ఫొటోలు తీసుకుంటారు, అందరూ సంతోషిస్తారు. అయితే రోజూ ఒకే చోట ఇలా చేస్తే ఆ పక్షి మేతకు, గూటికి వెచ్చించవలసిన సమయాన్ని లేని శత్రువు మీద ఖర్చు చేస్తుంది. 116 హెక్టార్ల అడవిలో, పక్షులు తమ చిన్న ఇలాకాలను వదిలి పోలేని చోట, ఈ నష్టం మరింత పెద్దది. ఈ నిర్వాహకులు కూత వినిపించరు, ఫ్లాష్ వాడనివ్వరు, గూళ్ల దగ్గరకు తీసుకువెళ్లరు. యాత్ర నమోదు చేసుకునేటప్పుడే ఈ నియమాలు చెప్పి, అంగీకరించినవారినే తీసుకుంటారు. ఒక ఫొటోగ్రాఫర్ పదేపదే అడిగినా గైడు మర్యాద తప్పకుండా నిరాకరించారు. డబ్బు చెల్లించిన మనిషికి "లేదు" అని చెప్పగలగడం గైడు పనిలో అన్నింటికంటే కష్టమైనదని నేను అనుకుంటాను, అందుకే ఈ సేవలో నాకు ఎక్కువ గౌరవం కలిగించిన అంశం ఇదే.

షోలాకిలి ఇక్కడే ఎందుకు ఉంటుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన వివరణ కూడా చక్కగా ఉంది. ఎత్తైన కొండల చల్లదనానికి అలవాటుపడిన ఈ పక్షులు వేడిగా ఉండే లోతట్టు ప్రాంతాలను దాటి మరో కొండకు పోలేవు. నీలగిరులకు దక్షిణాన ముప్పై కిలోమీటర్లకు పైగా వెడల్పున్న పాలక్కాడు కనుమ పశ్చిమ కనుమలను రెండుగా చీలుస్తుంది. దానికి ఉత్తరాన నీలగిరి షోలాకిలి, దక్షిణాన ఆనైమలై, పళని కొండలలో తెల్ల పొట్ట షోలాకిలి, ఇంకా దక్షిణాన అషంబు కొండలలో వేరొక జాతి. జన్యు పరిశీలనల ఆధారంగా 2017లో శాస్త్రవేత్తలు వీటన్నిటికీ కలిపి షోలికోలా అనే కొత్త ప్రజాతిని (దగ్గరి సంబంధం ఉన్న జాతుల సమూహాన్ని), ఈ కొండల లాఫింగ్ థ్రష్‌లకు మాంటిసింక్లా అనే మరో ప్రజాతిని ఏర్పరచారు. గైడు ఈ సంగతులు చెబుతూ, ఇక్కడి పక్షులను 19వ శతాబ్దిలో తొలిగా వర్ణించినవారిలో మద్రాసు సైన్యపు వైద్యుడు టి. సి. జెర్డన్ ఒకరని అన్నారు. ఆ పేరు వినగానే మాకు ఆసక్తి పెరిగింది. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన ఆ జెర్డన్ పేరుతోనే ప్రపంచానికి తెలిసిన కలివి కోడి, అంతరించిందనుకున్న చాలా దశాబ్దాల తరువాత 1986లో మన కడప జిల్లా లంకమల ప్రాంతంలో తిరిగి కనిపించిన పక్షి. ఆ విషయం మేము చెబితే గైడు తన నోటు పుస్తకంలో రాసుకున్నారు. ఆ పొదల అడవి ఎలా ఉంటుందో, ఎండ ఎంత ఉంటుందో ఆయన వరుసగా అడిగిన ప్రశ్నలు ఆయన ఆసక్తి వృత్తికి మించినదని తెలిపాయి.

ఉదయం నడకలో బ్లాక్ అండ్ ఆరెంజ్ ఫ్లైక్యాచర్‌ను గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. నల్లటి తల, నల్లటి రెక్కలు, మిగిలిన ఒళ్లంతా నిప్పుకణిక రంగు ఉన్న మగ పిట్ట, దట్టమైన పొదలో మోకాలి ఎత్తున కూర్చుని, మా వైపు పట్టించుకోకుండా పురుగుల కోసం నేలవైపు చూస్తూ ఉంది. ఇది ఏడాది పొడవునా దాదాపు అదే చిన్న చోట ఉండే పక్షి కనుక, ఒక జంట ఎక్కడుందో తెలిసిన గైడు దానిని చూపించడంలో వింత లేదు. కానీ ఆయన ఆ పొద పక్కనే ఆగకుండా ముందు దాని ఎదురుగా ఉన్న మరో బాటకు తీసుకువెళ్లి, అక్కడి నుంచి దూరంగా చూపించారు. పొద చుట్టూ మనుషులు తిరగడం వల్ల కింది మొక్కలు నలిగిపోయిన ఒక చోటును తిరిగి వస్తున్నప్పుడు చూపించి, అక్కడ ఉండే జంట ఇప్పుడు లేదని మాత్రం అన్నారు.

గైడులో నాకు లోటుగా అనిపించినది వలస పక్షుల విషయం. శీతాకాలంలో హిమాలయాల నుంచి, ఇంకా ఉత్తరాన ఉన్న ప్రాంతాల నుంచి లీఫ్ వార్బ్లర్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి వస్తాయి. చూడడానికి అన్నీ ఒకేలా పచ్చగా, చిన్నగా, క్షణం నిలవకుండా ఉంటాయి. ఇవి కనిపించినప్పుడల్లా ఆయన "వార్బ్లర్" అని ఒక్క మాట చెప్పి ముందుకు సాగారు. టికెల్స్ లీఫ్ వార్బ్లర్ కింది భాగమంతా పసుపుగా ఉండి రెక్క మీద గీత లేకుండా ఉంటుందని, గ్రీనిష్ వార్బ్లర్‌కు రెక్క మీద సన్నటి లేత గీత, రెండు అక్షరాల కూత ఉంటాయని తెలిసినవారికి ఈ తొందర నిరాశ కలిగిస్తుంది. కొత్తవారికి అవి అక్కరలేదని ఆయన భావించి ఉండవచ్చు, కానీ వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చే ఆ చిన్న పిట్టలలో ఒక్కదానినైనా ఓపికగా పరిచయం చేసి ఉంటే, షోలాకు ఈ కొండల పక్షులతో పాటు దూరదేశపు పక్షులతోనూ ఉన్న సంబంధం యాత్రికులకు తెలిసేది. చెట్ల గురించి మాత్రం ఆయనకు మంచి జ్ఞానం ఉంది. ఏ పండు ఎప్పుడు పక్వానికి వస్తుందో, వుడ్ పిజియన్లు ఏ కాయల కోసం ఏ చెట్టుకు చేరతాయో అడిగినవారికి చెబుతూనే ఉన్నారు.

తిండి ఏర్పాటు సాదాగా, సరిపడా ఉంది. తోట అంచున రాళ్ల మీద కూర్చుని వేడి పొంగలి, చట్నీ, ఫ్లాస్కులోని టీ తీసుకున్నాము. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషిద్ధం కనుక అందరికీ స్టీలు సీసాలలో నీరు ఇచ్చారు, తిన్న చోట ఒక్క కాగితం ముక్క కూడా వదలకుండా ఏరించారు. అయితే ఉదయం భాగమంతటిలో మరుగుదొడ్డి సదుపాయం లేదన్న సంగతి ముందుగా చెప్పలేదు. మహిళలకు, పెద్దవయసువారికి ఇది చిన్న విషయం కాదు. అడవిలో సదుపాయం ఉండదన్నది అర్థం చేసుకోదగినదే, కానీ బయలుదేరే ముందు పట్టణంలో ఒక చోట ఆపి, దుస్తుల రంగు గురించి చెప్పినంత స్పష్టంగా ఈ సంగతీ చెప్పాలి.

ఇక దొడ్డబెట్ట. 2,637 మీటర్ల ఎత్తున్న ఈ శిఖరం నీలగిరులలో అన్నింటికంటే ఎత్తైనది. కోటగిరి నుంచి ఊటీ వెళ్లే రోడ్డులో ఉన్న కూడలి నుంచి పైకి దారి చీలుతుంది. ఆ దారి పక్కన మిగిలిన షోలాలలో మంచి పక్షులున్నాయన్నది నిజమే. నీలగిరి ఫ్లైక్యాచర్, నీలగిరి లాఫింగ్ థ్రష్, అదృష్టం ఉంటే శీతాకాలపు అతిథి అయిన కాశ్మీర్ ఫ్లైక్యాచర్ అక్కడ కనిపిస్తాయి. కానీ మధ్యాహ్నం తరువాత ఆ రోడ్డు మీద పర్యాటకుల వాహనాలు బారులు తీరి ఉంటాయి. మా వాహనం చాలాసేపు కదలక ఆగిపోయింది. పైన పార్కింగు దగ్గర హారన్లు, పాటలు, మొక్కజొన్న కంకుల పొగ, వీటన్నిటి మధ్య గైడు మాకు లాఫింగ్ థ్రష్‌లను చూపించారు. అవి చెత్తకుండీ చుట్టూ తిరుగుతూ, పడేసిన తినుబండారాల ముక్కలను ఏరుకుంటున్నాయి.

తెల్లటి కనుబొమ, నల్లటి గడ్డం, కాషాయపు రొమ్ము ఉన్న ఈ పక్షి ప్రపంచం మొత్తంలో నీలగిరుల ఎత్తు ప్రదేశాలలో తప్ప మరెక్కడా లేదు. ఉదయం లాంగ్‌వుడ్‌లో అవి కనిపించకముందే వినిపించాయి. ఒకటి మొదలుపెడితే లోయ అవతలి నుంచి మరొకటి అందుకుని, అడవంతా నవ్వుతో నిండినట్టయి, చివరకు ఒక పండ్ల పొదలో గుంపుగా దొరికాయి. అదే పక్షిని అదే రోజు చెత్తకుండీ దగ్గర, చేయి చాస్తే అందేంత చేరువలో చూడడం నన్ను బాధపెట్టింది. ఫొటో తీసుకునేవారికి అది సౌకర్యమే, మా బృందంలోనే కొందరు సంతోషించారు. నాకు మాత్రం, చూపించవలసిన పక్షుల జాబితా నింపడానికి తప్ప ఆ ప్రయాణానికి మరో కారణం కనిపించలేదు. పక్షి గురించి ఇంత శ్రద్ధ ఉన్న నిర్వాహకులు, తమ నియమాలన్నిటికీ విరుద్ధమైన వాతావరణంలోకి యాత్రికులను రోజూ తీసుకువెళ్లడం ఎందుకో ఆలోచించుకోవాలి. గైడు స్వయంగా అక్కడ మౌనంగా ఉండిపోయారు. కిందికి దిగాక అడిగితే, దొడ్డబెట్ట పేరు లేకపోతే బుకింగులు తగ్గుతాయని చెప్పారు. ఆయన ఇబ్బంది అర్థమవుతుంది. ఊటీ దాకా వచ్చి శిఖరం చూడకుండా వెళ్లడానికి ఇష్టపడని మనలాంటివారి కోరికే దీనికి మూలమని ఒప్పుకోవాలి.

దీనికి మార్గం లేకపోలేదు. దొడ్డబెట్ట దారిని చూపించాలనే అనుకుంటే, గేట్లు తెరిచి పర్యాటకులు రాకముందే, ఉదయపు వేళలో, రోడ్డు కింది భాగంలోని షోలా అంచుల వరకే పరిమితమై నడిపించవచ్చు. లాంగ్‌వుడ్‌ను మరో రోజుకు పెట్టుకోవచ్చు. ఒకే రోజున అయితే, మధ్యాహ్నం తరువాత తేయాకు తోటల నడుమ మిగిలిన గడ్డి చరియలలో నడిపిస్తే, బయలు పక్షులైన పైడ్ బుష్ చాట్, పెయింటెడ్ బుష్ క్వెయిల్ వంటివాటి కోసం ప్రయత్నించవచ్చు. పచ్చిక బయళ్లు ఎంతగా తగ్గిపోయాయో ఉదయం విన్నవారికి మధ్యాహ్నం కంటితో చూసే అవకాశమూ కలుగుతుంది. ఈ సూచనలను నిర్వాహకులకు రాసి పంపాను, మర్యాదగా జవాబు ఇచ్చారు. సగం రోజు యాత్ర ఇప్పటికే ఉన్నదని, అడిగినవారికి మాత్రమే చెబుతున్నామని ఆ జవాబులో ఉంది. కనుక వెళ్లదలచినవారు అడిగి మరీ దానిని తీసుకోవాలి.

యాత్ర ముగిసిన సాయంత్రమే గైడు ఆ రోజు చూసిన, విన్న పక్షుల జాబితాను, పక్షి వీక్షకులు తాము చూసినవి నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేసి మాకు పంచారు. విన్నవి, చూసినవి విడివిడిగా గుర్తించారు, సందేహం ఉన్న ఒక పక్షిని జాతి పేరు లేకుండానే వదిలేశారు. అంకె పెంచడానికి ఊహించి రాయని గైడు జాబితాకు విలువ ఉంటుంది. మా అబ్బాయి ఇప్పుడు తన సొంత జాబితాలోనూ అదే పద్ధతి పాటిస్తున్నాడు.

వెళ్లేవారికి కొన్ని సంగతులు. షోలాలో వెలుతురు తక్కువ కనుక ఎక్కువ పెద్దదిగా చూపే బైనాక్యులర్ల కంటే 8x42 రకం (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్ల వెడల్పున్నది) మేలు. పది రెట్లు పెద్దదిగా చూపేవి అదే పరిమాణంలో కంటికి తక్కువ వెలుతురు అందిస్తాయి, చేతి వణుకును కూడా పెంచుతాయి. నిర్వాహకుల దగ్గర అద్దెకు ఇచ్చే బైనాక్యులర్లు ఉన్నాయి, కానీ వాటిలో ఒక జత కటకాలకు తేమ పట్టి ఉంది, తీసుకునే ముందు ఒకసారి కంటికి పెట్టి చూసుకోవాలి. నైరుతి వానలలో జలగలు, పొగమంచు ఎక్కువ. కోటగిరి తూర్పు వైపున ఉండడం వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కూడా గట్టిగానే పడతాయి. వలస పక్షులు, పొడి బాటలు రెండూ కావాలంటే జనవరి, ఫిబ్రవరి అనుకూలం. పక్షుల పాటలు ఎక్కువగా వినాలంటే మార్చి తరువాత వెళ్లాలి, అయితే ఏప్రిల్, మే నెలలలో కొండ మీద రద్దీ విపరీతం. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరులకు వచ్చే పర్యాటక వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరి అయింది, బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. మన వైపు నుంచి వచ్చేవారు కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయం మీదుగా కోటగిరి ఘాట్ రోడ్డు ఎక్కడం సులభం. ముందురోజు సాయంత్రానికే చేరి కోటగిరిలోనే బస చేయాలి, ఊటీలో దిగి తెల్లవారుజామున రావాలనుకుంటే ఆ మంచులో ఘాట్ ప్రయాణం శ్రమ అవుతుంది.

నడక దూరం తక్కువే అయినా వేర్లు, తడి ఆకులు, జారే మట్టి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవారు చేతికర్ర అడిగితే ఇస్తారు. మా అమ్మగారు దానితోనే మొత్తం నడిచారు, ఆమె వేగానికి తగినట్టే గైడు బృందాన్ని నడిపించారు. కదలకుండా కూర్చోలేని చిన్న పిల్లలను తీసుకువెళ్లకపోవడం మంచిది, పదేళ్లు దాటి ఆసక్తి ఉన్న పిల్లలకు మాత్రం చాలా బాగుంటుంది. ఫొటోల కోసమే వెళ్లేవారికి ఈ యాత్ర సరిపడదు, నియమాలు వారికి అడ్డుగా అనిపిస్తాయి. రుసుము సీజనును, బృందం పరిమాణాన్ని బట్టి మారుతుందని చెప్పారు కనుక ఇక్కడ అంకె ఇవ్వడం లేదు. మేము పూర్తి రోజుకు చెల్లించిన దానిలో ఉదయం భాగం విలువ మొత్తం రుసుముకు మించి ఉన్నదనే నా లెక్క. మళ్లీ వెళితే సగం రోజు యాత్రనే రెండు ఉదయాలకు తీసుకుంటాను. రెండో ఉదయం వార్బ్లర్లకు కేటాయించమని గైడును ఇప్పుడే కోరి ఉంచాను.